చామంతి ఆరుబయట, రసాయనాలు లేకుండా: ఏడాదిలో ఏ పని ఎప్పుడు, ఎందుకు

మీరు అడిగిన విషయాలు మూడు. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు పుష్కలంగా వేసినా చామంతి మొక్కలు నడుము ఎత్తు పెరిగి ఆకు మీద ఆకు వేస్తున్నాయే తప్ప సకాలంలో పూయడం లేదని, అందులోనూ ప్రహరీ వెంట ఉన్న వరుస మొగ్గే తొడగడం లేదని మొదటిది. వానలు మొదలైనప్పటి నుంచి కింది ఆకులు నల్లబడి, కొన్ని మొక్కలు పచ్చగా ఉండగానే వాలిపోతున్నాయని రెండవది. పూత అయిపోయిన మొక్కలను ఉంచితే వచ్చే ఏడాదికి పనికొస్తాయా, లేక పీకేసి కొత్తవి తెచ్చుకోవాలా అన్నది మూడవది. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకుండానే ఇవన్నీ చక్కబడాలని కూడా రాశారు. చక్కబడతాయి. అయితే సహజ పద్ధతిలో మందు చల్లి తప్పు దిద్దుకునే అవకాశం తక్కువ కనుక ప్రతి పనీ దాని వేళకు జరిగితీరాలి. చామంతికి ఆ వేళను నిర్ణయించేది పగలు, రాత్రుల నిడివి. మీ మొదటి ఇబ్బందికి కారణం దాదాపు పూర్తిగా అక్కడే ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

చామంతి రాత్రులు పొడవుగా ఉన్నప్పుడు పూసే మొక్క. పగలు ఎక్కువగా ఉన్నంతకాలం అది కాండాన్ని, ఆకులను, పిలకలను పెంచుకుంటూ పోతుంది; రాత్రి నిడివి ఒక హద్దు దాటి, వరుసగా కొన్ని రాత్రులు అలాగే కొనసాగితే కొమ్మ చివర ఆకు పుట్టవలసిన చోట మొగ్గ పుడుతుంది. పగటి నిడివిని బట్టి మొక్కలు పూతకు వస్తాయని 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వేసవి అంతా పూయకుండా పెరుగుతూనే ఉండే ఒక పొగాకు రకాన్ని రోజూ కొన్ని గంటలు చీకట్లో ఉంచినప్పుడు అది పూతకు రావడం వారికి ఆధారమైంది. మొక్క లెక్కపెట్టేది ఎడతెగని చీకటి గంటలనని, రాత్రి నడుమ కాసేపు వెలుతురు పడినా ఆ లెక్క చెడిపోతుందని ఆ తరువాతి పరిశోధనల్లో తేలింది. చామంతి రకాలలో చాలావాటికి మొగ్గ పుట్టాలంటే పగలు సుమారు 14.5 గంటల లోపు ఉండాలి. పుట్టిన మొగ్గ ఎదిగి విచ్చుకోవాలంటే సుమారు 13.5 గంటల లోపు ఉండాలి. రకాన్ని బట్టి ఈ హద్దులు కొంత అటూ ఇటూ జరుగుతాయి.

ఈ రెండు హద్దులు వేరువేరుగా ఉండడం వల్ల ఒక విచిత్రం జరుగుతుంది, దానిని మీరు మీ మొక్కల మీదే చూడవచ్చు. పొడవైన కొమ్మ ఒకటి పట్టుకుని చివరను దగ్గరగా పరిశీలించండి. చిన్న బటాణీ గింజంత మొగ్గ ఒక్కటే గట్టిగా, ఆకుపచ్చగా కూర్చుని, వారాలు గడిచినా రంగు చూపకుండా ఉందా? దాని కింద ఉన్న ఆకులు మామూలు చామంతి ఆకుల్లా అంచులు చీలి ఉండకుండా, సన్నగా, పొడవుగా, పట్టీల్లా ఉన్నాయా? ఆ మొగ్గను ఒంటరిగా వదిలేసి దాని కింది కణుపుల నుంచి పక్క కొమ్మలు పైకి దాటిపోతున్నాయా? అలా ఉంటే మొగ్గ పుట్టడానికి సరిపడా చీకటి దొరికింది గాని, ఎదగడానికి సరిపడా దొరకలేదని అర్థం. దానికి ఎరువు వేసినా ఫలితం ఉండదు. ఆ మొగ్గను పట్టీ ఆకులతో సహా గిల్లేస్తే పక్క కొమ్మలు రాత్రులు మరికాస్త పొడవయ్యాక పూస్తాయి.

పంచాంగంలోనో పత్రికలోనో ఇచ్చే సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు చూసి పగటిని లెక్కకట్టేవారు ఇక్కడ ఒక పొరపాటు పడతారు. తెల్లవారుజామున సూర్యుడు రాకముందు ఉండే వెలుగు, పొద్దు గుంకాక మిగిలే వెలుగు కూడా మొక్కకు పగలే. ఉష్ణమండలంలో ఈ రెండూ కలిపితే రోజుకు ముప్పావు గంట దాకా అదనంగా చేరుతుంది. భూమధ్యరేఖకు 15 నుంచి 20 డిగ్రీల దూరంలో ఏడాదిలో అతి పొడవైన పగలు కూడా 13 గంటల నుంచి 13 గంటల 20 నిమిషాల వరకే ఉంటుంది. 45 డిగ్రీల దగ్గర అదే 15 గంటల 30 నిమిషాలు దాటుతుంది. అందువల్ల ధ్రువాలకు దగ్గరగా పోయేకొద్దీ పెరుగుదల కాలం, పూత కాలం స్పష్టంగా విడిపోయి కనిపిస్తాయి. ఉష్ణమండలంలో మాత్రం మొక్క ఏడాదిలో చాలా భాగం హద్దుకు సమీపంలోనే ఉంటుంది కనుక కొన్ని రకాలు అకాలంలో నాలుగు పూలు పూయడం, లేత మొక్కలు అడుగు ఎత్తు కాకముందే మొగ్గ తొడగడం సహజమే. అవి లేత మొక్కలైతే ఆ మొగ్గలను తీసివేసి పెరగనివ్వాలి.

వేడి కూడా ఈ లెక్కలో వేలు పెడుతుంది. చీకటి సరిపడా ఉన్నా రాత్రి ఉష్ణోగ్రత 25 డిగ్రీల పైన నిలిచి ఉంటే మొగ్గ ఎదుగుదల మందగించి పూత వెనక్కి పోతుంది. రాత్రులు 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చామంతి చక్కగా నడుస్తుంది. పొడవు రాత్రులు మొదలైన నాటి నుంచి పువ్వు విచ్చుకోవడానికి తొందరగా పూసే రకాలకు 6 వారాలు, ఆలస్యపు రకాలకు 15 వారాల దాకా పడుతుంది. కాబట్టి పక్కతోటలో పూలు వచ్చాయి, మన దగ్గర రాలేదని కంగారుపడి ఎరువు వేసేముందు, రెండూ ఒకే రకమా అని చూసుకోవాలి.

ఇక మీ ప్రహరీ వరుస సంగతి. ఆ గోడ మీదో, అవతల వీధిలోనో రాత్రంతా వెలిగే దీపం ఉండి ఉంటుంది. పూలు ఏడాది పొడవునా అమ్ముకునే సాగుదారులు చామంతిని పూయకుండా ఆపి పెంచడానికి సరిగ్గా ఇదే పని కావాలని చేస్తారు: రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య సుమారు 100 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఇస్తే మొక్క దానిని రెండు చిన్న రాత్రులుగా లెక్కించి పెరుగుతూనే ఉంటుంది. మీ గోడ దీపం అంత తీక్షణంగా ఉండనవసరం లేదు. దానికి బాగా దగ్గరగా ఉన్న మొక్కలకు అందులో నాలుగో వంతు వెలుతురు చేరినా తెల్లవార్లూ పడుతుంది కనుక పూత ఆలస్యం కావడానికి, కొన్ని రకాల్లో పూర్తిగా ఆగిపోవడానికి చాలు. పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతుకు మించదు, దాని గురించి బెంగ అక్కరలేదు. ఒక చీకటి రాత్రి ఆ వరుస పక్కన నిలబడి చూడండి. మొక్క నీడ నేల మీద స్పష్టంగా పడుతుంటే ఆ దీపాన్ని అనుమానించాలి. దీపానికి మూతలాంటి మరుగు పెట్టి వెలుతురు తోట వైపు పడకుండా మళ్ళించవచ్చు, పూత కాలం వరకు ఆర్పివేయవచ్చు. రెండూ కుదరకపోతే ఆ చోట చామంతి మాని వేరే మొక్క పెట్టడమే తెలివైన పని.

నల్లగుడ్డ కప్పి పూతను ముందుకు తేవచ్చు కదా అని అడుగుతారు. తేవచ్చు. సాయంత్రం 5 గంటలకు కప్పి ఉదయం 7 గంటలకు తీస్తూ, మొగ్గల్లో రంగు కనబడే దాకా ఒక్క రోజూ మానకుండా చేయాలి. వేడి ప్రాంతాల్లో గుడ్డ కింద ఉక్క పెరిగి, ముందు చెప్పినట్లు ఆ వేడే పూతను వెనక్కి లాగుతుంది. ఆరుబయట ఐదారు మొక్కలకు సరదాగా చేసుకోవడానికి తప్ప దీనిని నేను సిఫారసు చేయను.

మూడవ ప్రశ్నకు జవాబు ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే చామంతి ఏడాది పూత ముగిసిన చోటే మొదలవుతుంది. పూత అయిన మొక్కను పీకవద్దు, అలాగని దానినే మళ్ళీ పూతకు ఉంచవద్దు. కొమ్మలన్నిటినీ నేలకు 10, 15 సెంటీమీటర్ల ఎత్తులో కోసివేస్తే మొదట్లో నుంచి పిలకలు వస్తాయి. పాత మొదలు ఆ పిలకలను ఇచ్చేందుకు తల్లి మొక్కగా పనికొస్తుంది గాని, రెండో ఏడు దాని మీదే పూలు తీసుకోవాలనుకుంటే నడిమి భాగం కట్టెబారి, పిలకలు ఒత్తుగా కమ్ముకుని, పూలు చిన్నవవుతాయి. పైగా పాత ఆకుమచ్చలు, నులిపురుగులు (వేళ్ళనో ఆకులనో పట్టే, కంటికి ఆనని సన్నని పురుగులు), వైరస్‌లు అన్నీ కొత్త చిగుళ్ళకు వారసత్వంగా వస్తాయి. చలి గడ్డకట్టే ప్రాంతాల్లో ఆ మొదళ్ళ మీద ఎండుటాకులు మందంగా కప్పి వసంతం దాకా వదిలేయాలి. ఎండలు మండే ప్రాంతాల్లో మధ్యాహ్నపు నీడ తగిలే చోటికి మార్చి, నేల పూర్తిగా ఎండిపోకుండా చూస్తూ వేసవి దాటించాలి. వేసవిలో తల్లి మొక్కలు పోవడానికి దాహం కంటే, జాలిపడి రోజుకు రెండుసార్లు పోసే నీళ్ళే ఎక్కువగా కారణమవుతాయి.

కొత్త మొక్కలు రెండు విధాలుగా వస్తాయి. వేళ్ళతో ఉన్న పిలకను విడదీసి నాటడం తేలిక. అయితే తల్లి వేళ్ళ దగ్గరి మట్టి, అందులోని తెగులు కూడా దానితోపాటే వస్తాయి. కొమ్మ చివరలు కత్తిరించి వేళ్ళు తెప్పించడం కాస్త ఓపిక పని అయినా నేను దానినే ఎంచుకుంటాను, ఎందుకంటే వేగంగా పెరిగే చిగురు కొసలో తెగులు తక్కువగా ఉంటుంది. 5 నుంచి 8 సెంటీమీటర్ల పొడవున్న, మొగ్గ తొడగని, వంచితే పుటుక్కున విరిగే లేత కొస తీసుకోవాలి. వంగి నారలా వేలాడేది ముదిరినట్లు లెక్క. కింది రెండు మూడు ఆకులు తీసి, కడిగిన ఇసుకలోనో, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమంలోనో గుచ్చి, నీడలో తేమ ఆరకుండా ఉంచితే 2, 3 వారాల్లో వేళ్ళు వస్తాయి. వేళ్ళు తెప్పించే పొడులు లేకపోయినా చామంతికి ఇబ్బంది లేదు. కత్తిని మొక్కకూ మొక్కకూ మధ్య బ్లీచ్ కలిపిన నీటిలో ముంచి తుడవడం మాత్రం మానకూడదు. మొక్కను గిడసబార్చే వైరాయిడ్ (వైరస్ కంటే చిన్నదైన రోగకారకం) ఒకటి ముఖ్యంగా రసం ద్వారా పాకుతుంది, ఒకసారి పట్టిన మొక్కకు చికిత్స లేదు. మిగిలినవాటిలో సగం ఎత్తున ఉండిపోయి, ఆకు పాలిపోయి, ముందుగా పూసే మొక్క కనిపిస్తే దాని నుంచి కొమ్మ తీయకండి, దానిని తోటలోనే ఉంచకండి.

తల్లి మొక్కలు విశ్రాంతిలో ఉన్న నెలల్లో నాటబోయే నేలను సిద్ధం చేయాలి. జనుము చల్లి, పూత దశలో, అంటే సుమారు 45, 50 రోజులకు కోసి నేలలో కలియదున్నితే సేంద్రియ పదార్థం, నత్రజని రెండూ వస్తాయి, వేరుబుడిపె నులిపురుగు కూడా తగ్గుతుంది. కలిపిన వెంటనే నాటితే కుళ్ళుతున్న పచ్చిరొట్ట వేడికి లేత వేళ్ళు పాడవుతాయి కనుక రెండు, మూడు వారాలు ఆగాలి. బంతిని నులిపురుగులకు విరుగుడుగా గట్ల మీద పెట్టడం అందరూ చేస్తారు. బంతి వేళ్ళ నుంచి వచ్చే పదార్థం పని చేసేది ఆ వేళ్ళ చుట్టుపక్కలే కాబట్టి నులిపురుగు నిజంగా ఉన్న మడిలో చామంతికి ముందు రెండు మూడు నెలలు మడి నిండా బంతి పెంచితేనే ఫలితం కనిపిస్తుంది. అంచున నాలుగు మొక్కలు అందానికి బాగుంటాయి. ఒకే మడిలో ఏటేటా చామంతి వేయకుండా రెండేళ్ళయినా ఎడం ఇవ్వాలి.

నేల ఎలాంటిదైనా నీరు నిలవకూడదు, ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7 మధ్య ఉంటే మేలు. 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు మడులు చేసుకోండి. పూర్తిగా చివికి మట్టి వాసన వచ్చే పశువుల ఎరువు వాడండి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు, చెదలు చేరతాయి. వంద కిలోల చివికిన ఎరువుకు ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు పొడి కిలో కలిపి, తడిగోనె కప్పి వారం, పది రోజులు నీడలో మాగబెట్టి మడిలో కలిపితే వేరుకుళ్ళు కలిగించే బూజులను అదుపులో ఉంచుతుంది. వేపపిండి గుప్పెడు చొప్పున కలపవచ్చు. పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టే జీవామృతం గురించి కూడా ఒక మాట. నేలలో సేంద్రియ పదార్థం, తేమ ఉన్నచోట దానిలోని సూక్ష్మజీవులు పని చేస్తాయి. అందులోని పోషకాలు మాత్రం కొద్దిపాటివే. ఒట్టి ఇసుక నేలలో అది ఒక్కటే పోస్తూ, ఎరువు వేశామనుకోవడం సరికాదు.

మీ తోటలో మోతాదు మించినది నత్రజని అని మీ వర్ణన చెబుతోంది. నల్లపచ్చగా, ముట్టుకుంటే మెత్తగా ఉండే ఆకు పేనుబంకకు ఇష్టమైన మేత. ఎరువు మొత్తంలో ఎక్కువ భాగం నాటేముందే మడిలో ఉండాలి, తలలు తుంచిన ప్రతిసారీ కొంచెం వర్మీకంపోస్టు పైపాటుగా ఇవ్వాలి, మొగ్గ కనిపించిన తరువాత నత్రజని ఎక్కువగా ఉండే ద్రవాలన్నీ ఆపివేయాలి. మొగ్గ దశలో మొక్కకు కావలసినది పొటాష్. అది కట్టెల బూడిదలో ఉంటుంది గాని, బూడిద క్షారం కనుక ఆమ్ల నేలల్లో మాత్రమే, పలుచగా చల్లాలి.

నాటే సమయాన్ని వెనక నుంచి లెక్కించుకోవాలి. మీ ప్రాంతంలో పొడవు రాత్రులు మొదలయ్యే వేళకు మొక్క గుబురుగా తయారై ఉండాలంటే కనీసం 8 నుంచి 10 వారాల ముందు వేళ్ళు వచ్చిన కొమ్మ మడిలో ఉండాలి. ఉత్తరార్ధగోళంలో జూన్ 21 ప్రాంతంలో, దక్షిణార్ధగోళంలో డిసెంబరు 21 ప్రాంతంలో పగలు అత్యధికం. అక్కడి నుంచి రాత్రి పెరుగుతూ వస్తుంది. ఆలస్యంగా నాటితే మొక్క చిన్నగా ఉండగానే మొగ్గకు వెళ్ళిపోయి, ఒక్క కాడ మీద నాలుగు పూలతో సరిపెడుతుంది. మరీ ముందుగా నాటితే కింద ఆకు లేకుండా బోడికాళ్ళతో పెరిగి వానకు పడిపోతుంది. మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు చాలని పుస్తకాలు చెబుతాయి. వానలు ఎక్కువగా పడేచోట, మందులు చల్లని తోటలో నేను 45 వదులుతాను. పూల సంఖ్య కాస్త తగ్గవచ్చు, మొక్కల మధ్య గాలి ఆడితే తెగుళ్ళు అంతకంటే ఎక్కువగా తగ్గుతాయి.

నాటిన నాలుగో వారంలో కొస తుంచాలి. గోటితో మెత్తని చిగురును, రెండు ఆకులు విప్పుకోబోతున్న దగ్గర గిల్లితే చాలు. కత్తెరతో జానెడు కోయనక్కరలేదు. పక్క కొమ్మలు వేలెడు పొడవైనప్పుడు వాటినీ ఒకసారి గిల్లవచ్చు. పొడవు రాత్రులు మొదలయ్యే వేళకు గిల్లడం పూర్తిగా మానేయాలి. ఆ తరువాత గిల్లిన ప్రతి కొస ఒక మొగ్గల గుత్తిని తీసివేసినట్లే. మొక్క గుబురు కాకపోయినా అక్కడితో ఆపి, ఉన్నదానితో పూయనివ్వడం మేలు.

ఇప్పుడు వానల సంగతి. మీరు చెప్పిన రెండు లక్షణాలకు కారణాలు వేరువేరు. కింది ఆకుల మీద గుండ్రని గోధుమ, నలుపు మచ్చలు మొదలై, అవి కలిసిపోయి, ఆకు ఎండినా రాలిపోకుండా కాండానికే వేలాడుతూ, వారం వారం ఒక్కో మెట్టు పైకి ఎక్కుతుంటే అది సెప్టోరియా అనే బూజు వల్ల వచ్చే ఆకుమచ్చ. దాని బీజాలు నేల మీద పడిన పాత ఆకుల్లో ఉండి, వాన చినుకు నేలను తాకి ఎగిరినప్పుడు ఆ తుంపరతో పైకి వస్తాయి. కాబట్టి వానలకు ముందే నేల మీద గడ్డి, ఎండుటాకుల ఆచ్ఛాదన 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన పరచి, కాండం చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ వదలడం అన్నిటికంటే ముఖ్యమైన పని. నేలకు జానెడు ఎత్తు వరకు ఉన్న ఆకులను ఎండ కాసిన రోజున, ఆకులు పొడిగా ఉన్నప్పుడు తుంచి తోట బయటికి చేర్చాలి. తడి ఆకుల మధ్య చేతులు పెట్టి పని చేస్తే తెగులును మీరే మొక్క మొక్కకూ పంచినవారవుతారు. నీళ్ళు పైనుంచి చల్లకుండా ఉదయం పూట మొదట్లోనే పోయాలి.

మచ్చలు గుండ్రంగా కాకుండా, ఆకు ఈనెల మధ్య గీత గీసినట్లు త్రిభుజాలుగా, ముక్కలు ముక్కలుగా గోధుమరంగుకు మారుతుంటే అది ఆకు నులిపురుగు. ఇదీ కింది నుంచే పైకి వస్తుంది, ఆకు మీది నీటి పొరలో ఈదుతూ ఎక్కుతుంది. అలాంటి మొక్క నుంచి పిలకలు తీయకూడదు. ఆకు పైన లేత పసుపు చుక్కలు, సరిగ్గా వాటి అడుగున తెల్లని లేదా లేత గులాబి రంగు పొక్కులు కనిపిస్తే అది తెల్ల తుప్పు. చల్లగా, తేమగా ఉన్న రోజుల్లో వస్తుంది, వేగంగా పాకుతుంది. ఇంటి కషాయాలతో దానిని నయం చేయవచ్చని చెప్పేవారి మాట నేను నమ్మను. ఆ మొక్కను సంచిలో కప్పి పీకి, కాల్చడమో లోతుగా పూడ్చడమో చేయాలి, కంపోస్టు కుప్పలో వేయకూడదు.

పచ్చగా ఉండగానే వాలిపోవడం వేరు సమస్య. వాలిన మొక్కను పీకి వేళ్ళు చూడండి. తెల్లగా, గట్టిగా ఉండవలసిన వేరు గోధుమరంగుకు మారి, రెండు వేళ్ళతో లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మిగిలితే అది నీరు నిలవడం వల్ల వచ్చిన కుళ్ళు. వేరు బాగానే ఉండి, కాండాన్ని మొదట్లో అడ్డంగా కోసినప్పుడు లోపల గోధుమ వలయం కనిపిస్తే ఎండు తెగులు. మొదటిదానికి మడి ఎత్తు పెంచి కాలువ తీయడమే మందు. ట్రైకోడెర్మా నిలిచిన నీటిని తీసివేయలేదు. రెండవదానికి మొక్కను మట్టితో సహా తీసివేసి, ఆ చోట కొన్నేళ్ళు చామంతి పెట్టకుండా ఉండడం తప్ప మార్గం లేదు. ఈ రెండింటినీ దాహమనుకుని వాలిన మొక్కకు ఇంకా నీళ్ళు పోయడం తోటల్లో నిత్యం చూసే దృశ్యం.

పురుగుల విషయంలో ఒక అపోహ తొలగించాలి. చామంతి జాతిలోనే పురుగుమందు ఉంది కనుక దానికి పురుగు పట్టదని అంటారు. పైరెత్రం అనే సహజ మందు వచ్చేది చామంతికి బంధువైన మరొక మొక్క పూల నుంచి. తోట చామంతికి ఆ రక్షణ లేదు. దానిని కొని చల్లినా అది తేనెటీగలను, చెరువులో చేపలను కూడా చంపుతుంది. సహజమైన మందు అన్నంత మాత్రాన అందరికీ సౌమ్యమైనదని కాదు.

చామంతికి ప్రత్యేకమైన నల్ల పేనుబంక చిగురు కొసల్లోనూ, మొగ్గ కింది కాడ మీదా గుంపుగా చేరుతుంది. ఆ కొసను చూసేటప్పుడు పేనును మాత్రమే చూడకండి. మధ్యలో అక్షింతల పురుగు, మొసలి ఆకారంలో ఉండే దాని నల్లని పిల్ల, లేదా ఆకుపచ్చ జలగలా పాకే ఈగ పిల్ల ఉంటే ఏమీ చల్లకుండా వారం ఆగండి. ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, కదలకుండా అతుక్కుపోయిన పేలు కనబడితే వాటిలో పరాన్నజీవి కందిరీగ పెరుగుతున్నట్లు. ఇవేవీ లేక చీమలు బారులు తీరి ఉంటే ముందు చీమల దారిని మూయాలి, ఎందుకంటే అవి పేనును కాపాడుతూ మిత్రపురుగులను తరిమివేస్తాయి. గట్టిగా నీళ్ళు చిమ్మితే పేను రాలుతుంది, ఉదయం చేస్తే ఆకు ఆరిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే వేపగింజల కషాయం: లీటరు నీటికి 50 గ్రాముల గింజల పప్పు దంచి రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త సబ్బు నీరు కలిపి, సాయంత్రం ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయాలి. వేపలోని మందు ఎండకు త్వరగా విరిగిపోతుంది, ఉదయం చల్లితే సగం వృథా.

పొడి వేడి రోజుల్లో ఆకు మీద సన్నని తెల్ల చుక్కలు, అడుగున పల్చని సాలెగూడు కనిపిస్తే ఎర్రనల్లి. గాలిలో తేమ పెంచి, ఆకు అడుగును నీటితో కడిగితే అదుపులోకి వస్తుంది. ఆకు లోపల తొలుస్తూ తెల్లని మెలికల గీతలు వేసే పాముపొడ పురుగు పట్టిన ఆకును తుంచివేస్తే చాలు. మొగ్గకు గుండ్రని రంధ్రం పడి లోపల ఖాళీగా ఉంటే శనగపచ్చ పురుగు పని. అది గుడ్ల నుంచి బయటపడిన తొలి రోజుల్లో, మొగ్గలోకి దూరకముందు బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా మందు చల్లితే చస్తుంది. పెద్ద పురుగును చేత్తో ఏరివేయడమే త్వరగా తేలే పని. తామరపురుగులు మాత్రం పూరేకుల మధ్య దాక్కుంటాయి కనుక మొగ్గ విచ్చుకోకముందే నీలి జిగురు అట్టలు పెట్టి కనిపెట్టుకుని ఉండాలి.

మొగ్గ రంగు చూపిన నాటి నుంచి పూల మీద ఏదీ చల్లవద్దు. కషాయం అయినా సరే, తేమకు రేకుల మీద బూడిద బూజు పడుతుంది. ఈ దశలో నీరు తగ్గిస్తే మొగ్గలు గిడసబారతాయి. వేలు రెండు కణుపుల లోతు దించి తడి తగలకపోతే పోయండి. పెద్ద పూలు కావాలంటే కొమ్మకు కొసమొగ్గ ఒకటి ఉంచి పక్కవి పెసరగింజంత ఉన్నప్పుడే గిల్లాలి. గుత్తిగా కావాలంటే నడిమి మొగ్గను తీసివేస్తే మిగిలినవన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. విడిపూలను పూర్తిగా విచ్చుకున్నాక, మంచు ఆరిన ఉదయం కోయాలి. బలంగా, తెగులు లేకుండా, ఆ రకానికి తగిన వేళకు పూసిన మొక్కలకు పూలు ఉండగానే రంగుదారం కట్టి ఉంచండి. కొమ్మలు కోసివేశాక మొదళ్ళన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి, అప్పుడు ఏది తల్లిగా ఉంచాలో ఎంచుకోవడం సాధ్యం కాదు.